ముత్తయ్య రొట్టె

మార్చి 4, మంగళవారం

యాత్రికుల్ని వీధులు తిప్పి రుచులు చూపించే నడకల ఆఫీసు మేడమ్ పొద్దున్నే ఫోన్ చేసింది. "మీకో శుభవార్త," అంది. ఆవిడ శుభవార్త అన్నప్పుడల్లా నాకు గుండెల్లో దడే. ఊళ్ళో ఇంకా బతికున్న పాత పనులన్నిటికీ నగర కార్యాలయం వాళ్ళు ఒక జాబితా వేస్తున్నారట. అందులోకి ఎక్కితే మా రొట్టెల షెడ్డు జోలికి ఎవరూ రారు. ఎక్కకపోతే జూన్‌లో షెడ్డు పడగొట్టి బళ్ళు నిలుపుకునే జాగా చేస్తారు. అది తేల్చడానికి పాటల మీద పుస్తకాలు రాసిన పెద్దాయనొకరు వస్తున్నారు.

"మన కరపత్రం చదివారటండీ ఆయన. ముత్తయ్య కథ తెగ నచ్చేసిందట. మీరు అదొక్కటీ వివరంగా చెప్పండి, చాలు," అంది.

అలాగే అన్నాను. ఇంకేమంటాను, నా మొహం!

ముత్తయ్య అనేవాడు లేడు. ఈ ముక్క ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాసి చూసుకుంటే ఇంకా భయంగా ఉంది.

అసలు మొదలైంది పోయిన జులైలో. మే నెలలో మా ఆయన వేరే ఊళ్ళో పని చూసుకుంటానని వెళ్ళాడు. పిండి కలిపే మిషను ఆయనకి తప్ప ఇంకెవరికీ లొంగదు. రెండు నెలలు తిరక్కుండానే అది మొరాయించింది. ఆయన అక్క, మా వదిన, చేతులు కడుక్కుని తొట్టి ముందు కూర్చుంది. పదకొండేళ్ళ తర్వాత మళ్ళీ చేత్తో పిసకడం, మళ్ళీ ఆ పాట. ఏడు చరణాలూ పూర్తయ్యేసరికి పిండి తయారైనట్టే. మా ఇంట్లో గడియారం చూసి పిండి పిసికినవాళ్ళు లేరు. వీధిలో పోతున్న యాత్రికులు నలుగురు ఆ పాట విని గుమ్మంలో ఆగిపోయారు. రొట్టెలు తిన్నారు, మళ్ళీ పాడమన్నారు. ఆ వారంలోనే మేడమ్ మమ్మల్ని తన రుచుల నడకలో చేర్చేసింది. వచ్చినవాళ్ళకి వివరాలు చెప్పే పని నాకు పడింది.

మూడో చరణం ఇలా ఉంటుంది. "నీళ్ళు తాగిన పిండీ, నువు నిద్దరపోవే, నిద్దరపోతే పొంగేవు నిమ్మళంగా, ముత్తయ్యవే!" ఆ చివరి మాట దగ్గర గొంతు పైకి లేస్తుంది. ఒకాయన అడిగాడు, ముత్తయ్య ఎవరని.

తెలియదంటే పోయేది. నా నోరు ఊరుకుంటుందా? "ఈ పొయ్యి కట్టిన మనిషండీ. ఒకరోజు పనుందని వెళ్ళి తిరిగి రాలేదు. ఎప్పటికైనా వస్తాడని మొదటి రొట్టె ఆయన కోసం కిటికీలో పెడతాం," అనేశాను. అందరి కళ్ళూ చెమ్మగిల్లాయి. మర్నాడు చూస్తే వదిన మొదటి రొట్టె తీసి నిజంగానే కిటికీలో పెట్టింది. నన్నేమీ అడగలేదు.

ఇప్పుడు దానికొక బోర్డు కూడా ఉంది. ముత్తయ్య రొట్టె అని, రెండు రంగుల్లో.

మార్చి 5, బుధవారం

పద్నాలుగు మంది వచ్చారు. వదినతో కలిపి ఐదుగురు పిసికారు. నిరుడు ఈపాటికి ఈ పాట పూర్తిగా వచ్చిన మనిషి వీధి మొత్తంలో వదిన ఒక్కతే. ఇప్పుడు పక్కింటి కుట్టుపని అక్క మనవరాలికి కూడా ఏడు చరణాలూ నోటికి వచ్చు. చూడటానికి జనం రాకపోతే వీళ్ళలో ఒక్కరైనా మోచేతుల దాకా పిండి పూసుకునేవాళ్ళా? అది మాత్రం నిజం. అది నా కల్పన కాదు.

కుట్టుపని అక్క మాత్రం ఈ రోజు నా ప్రాణం తీసింది. "తెల్లవారుజామున ముత్తయ్య కల్లోకొచ్చాడే. రొట్టె కాస్త మాడిందన్నాడు," అంది. వదిన తలెత్తకుండా, "రేపట్నుంచి మంట తగ్గిస్తాలే," అంది.

మా ఆయన నంబరు ఇవాళా కలవలేదు. అక్కడ టవర్లు సరిగ్గా ఉండవని వెళ్ళిన కొత్తలోనే చెప్పాడు.

మార్చి 6

ముత్తయ్యకి మీసాలున్నాయా అని ఆ పెద్దాయన అడిగితే ఏం చెప్పాలి?

మార్చి 8, శనివారం

పిండి పొంగుతోంది. వదిన గోడకి ఆనుకుని కునుకు తీస్తోంది. నేను తలుపు వారన కూర్చుని రాస్తున్నాను.

ఇవాళ కథ ఇంకాస్త పెరిగింది. నేను పెంచలేదు, అదే పెరిగింది. పడవలో వెళ్ళాడా అని ఒకామె అడిగింది. అవునన్నాను. వెళ్ళేముందు భార్యకి ఏం చెప్పాడని ఇంకొకామె అడిగింది. "చెప్పేందుకేముంది, చూసుకుని వస్తానన్నాడు," అన్నాను. అది ఎంత తేలిగ్గా వచ్చిందో! వెతుక్కోనక్కర్లేకుండా నాలుక చివరే ఉంది. భార్య ఏమందని అడిగారు. టిఫిను కట్టిచ్చిందని చెప్పాను. అందరూ అయ్యో అన్నారు.

కథ చెప్పడం అబద్ధమాడటం కాదు. వచ్చినవాళ్ళకి తిండితోపాటు నాలుగు మాటలు కావాలి. ఆ నాలుగు మాటల వల్లే పాట నిలిచింది, షెడ్డు నిలిచింది. ఎవరికి నష్టం? ఎవరికీ లేదు. మరి అన్నం ఎందుకు సహించడం లేదో తెలియదు.

వదిన ఇవాళ నా వంక రెండుసార్లు చూసింది. అబద్ధమని పట్టేసిందా? పట్టేస్తే అడగాలిగా. ఆవిడ అడగదు. ఆ అక్కాతమ్ముళ్ళిద్దరూ అంతే, నోట్లోంచి మాట లాగాలంటే పట్టకారు కావాలి.

మార్చి 11, మంగళవారం

కొంప మునిగింది.

పాటలాయనే స్వయంగా ఫోన్ చేశాడు. మెత్తటి గొంతు. "అమ్మా, నేను మీ షెడ్డుకి కొత్తవాణ్ణి కాదు. నలభై ఏళ్ళ కిందట, చదువుకునే రోజుల్లో, ఒక పెద్దావిడ పాడుతుంటే టేపు మీద ఎక్కించుకున్నాను. ఆ టేపు ఇప్పటికీ నా దగ్గరుంది. తీసుకొస్తాను, కలిసి విందాం," అన్నాడు.

ఆ పెద్దావిడ అంటే వదినకి నాయనమ్మ. పాట ఆవిడదే. అందులో ముత్తయ్య గురించి ఏముందో, అసలేమీ లేదో! నలభై ఏళ్ళుగా పెట్టెలో పడున్న సాక్ష్యం ఒకటి రెక్కలు కట్టుకుని వస్తోంది.

వదినతో అన్నాను, "ఆయన టేపు తెస్తున్నాడట వదినా."

"తేనీ. నాయనమ్మ గొంతు విని ఎన్నాళ్ళయిందో," అంది.

"పాటలో తేడాలుంటే?"

"తేడా ఏముంటుంది? పిండి అదే, నీళ్ళు అవే. నువ్వు ముందు ఆ జల్లెడ ఇలా ఇయ్యి."

నిమ్మకు నీరెత్తినట్టు ఉంది మనిషి. నేనే ఇక్కడ నిలువునా ఉడుకుతున్నాను.

మార్చి 12

మేడమ్‌కి నిజం చెప్పేద్దామని రెండుసార్లు ఫోన్ తీశాను. రెండుసార్లూ మా ఆయన నంబరుకే చేశాను. వేలు అలవాటు కొద్దీ అటే పోతుంది. ఆ నంబరు వాడుకలో లేదని చెప్పింది గొంతు. బహుశా కొత్తది తీసుకుని ఉంటాడు. తీరిక చూసుకుని చేస్తాడు.

మార్చి 15, శనివారం

ఇరవై మంది. "తిరిగొస్తాడని మీకు నమ్మకం ఉందా?" అని చిన్న పిల్లొకతె అడిగింది.

ఎందుకు రాడు, వస్తాడు అన్నాను.

మార్చి 17, సోమవారం

పాటలాయన వస్తాడని షెడ్డంతా కడిగాం. మిషను మీద కప్పిన గుడ్డ దులిపితే దాని వెనక మా ఆయన పని చొక్కా దొరికింది. ఉతికి ఆరేశాను. వచ్చాక కావాలిగా. వదిన తాడు మీద ఆ చొక్కా చూసి లోపలికి వెళ్ళిపోయింది. సాయంత్రం వరకు నాతో పలకలేదు. నేనేం తప్పు చేశానో నాకు అర్థం కాలేదు. ఒకవేళ బోర్డు సంగతే అయితే, తిట్టెయ్యొచ్చుగా!

మార్చి 19, బుధవారం

వరసగా రాస్తాను.

పదింటికి వచ్చాడు పాటలాయన. బక్కపలచగా ఉన్నాడు, సంచీ నిండా కాగితాలు. కుశల ప్రశ్నలయ్యాక ఒక పాత నోటుపుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. పసుపు రంగుకి తిరిగిన పేజీలో ఆయన కుర్రతనపు రాత. "ముత్తయ్య: ఎవరు? పూర్వికుడా?" అని, కింద రెండు గీతలు.

"నలభై ఏళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదమ్మా. మూడు పాత రాతప్రతులు తిరగేశాను. చివరికి నా పుస్తకంలో ముత్తయ్య మీద రెండు పేజీలు ఊహించి రాశాను. మీ కరపత్రం చదివిన రోజు నాకు అన్నం కూడా అక్కర్లేకపోయింది," అన్నాడు.

నన్ను పట్టుకోవడానికి వస్తున్నాడనుకున్నాను ఇన్నాళ్ళూ. ఈయనేమో నాకంటే ముందే నమ్మి కూర్చున్నాడు. నాకు సంతోషం కలగాలి కదా. ఆ పుస్తకం మూసి మళ్ళీ ఆయన వైపు జరిపేశాను.

టేపు పెట్టాడు. గరగరమని శబ్దం, తర్వాత పిండి మీద పిడికిళ్ళు పడుతున్న చప్పుడు, తర్వాత గొంతు. నాయనమ్మకి అప్పటికే ముందు పళ్ళు లేవని వదిన చెప్తుండేది. మాటల అంచులన్నీ అరిగిపోయాయి, పాట మాత్రం ఎక్కడా తూలలేదు. మూడో చరణం వచ్చింది. నీళ్ళు తాగిన పిండీ, నిద్దరపోవే.

"ముత్తెయ్యవే!"

అది పాట కాదు, కేక. వెంటనే దూరంగా ఒక ఆడపిల్ల గొంతు, విసుక్కుంటూ, "వేశానే నాయనమ్మా!" అంది. ఆ పైన తొట్టి మీద రేకు పడిన మోత.

మూత. ముత్తయ్య కాదు, మూత! పిసికిన పిండి ఎండిపోతుంది, మూతెయ్యవే అని పాట మధ్యలో మనవరాలిని కేకేసింది ముసలావిడ. పళ్ళు లేక అది అలా పలికింది. ఇన్నేళ్ళూ ఆ కేకని మేము రాగం తీసి పాడుకుంటున్నాం. పైగా నేను దానికో పడవ, ఒక పెళ్ళాం, ఒక టిఫిను!

పాటలాయన కళ్ళు మెరిసిపోతున్నాయి. "విన్నారా? ముత్తయ్యా అనగానే పిల్ల బదులు పలికింది, వేశానే అని! రొట్టె వేశాను, కిటికీలో వేశాను అని అర్థం. మీ ఆచారానికి ఇంతకంటే రుజువేం కావాలి? ఎల్లుండే నివేదిక పంపించేస్తాను," అన్నాడు.

కుట్టుపని అక్క కొంగుతో కళ్ళొత్తుకుంది. నేను వదిన వైపు చూశాను. తల వంచుకుని పిండి ముద్దలు చేస్తోంది. నలభై ఏళ్ళ కిందట వదినకి తొమ్మిదేళ్ళు. ఆ పిల్ల గొంతు వదినదే.

అంటే ఆవిడకి తెలుసు. జులైలో నేను నోరు జారిన మొదటి రోజు నుంచీ తెలుసు.

నేను కుక్కిన పేనులా ఊరుకున్నాను. షెడ్డు దక్కింది. నోరు మూసుకుంటే చాలు.

మార్చి 20, గురువారం

ఆగలేకపోయాను. పొద్దున పొయ్యి వెలిగిస్తుంటే అడిగేశాను.

"నీకు తెలుసు కదా వదినా? మూతని తెలుసు."

"తెలుసు."

"మరి పాటలో ఎందుకు పాడుతున్నావు?"

"నాయనమ్మ పోయాక ఆ చోటికి వచ్చేసరికి కేక వినపడక పాట కుంటిదయ్యేది. అందుకని నేనే అరవడం మొదలుపెట్టా. వీళ్ళంతా నా దగ్గర నేర్చుకున్నారు. వీళ్ళకేం తెలుసు, ఎవరో ముత్తయ్య అనుకున్నారు."

"మరి నేను అంతమంది ముందు కోతలు కోస్తుంటే ఒక్కరోజైనా నా నోరు మూయించలేదేం? పైగా రొట్టె పెట్టావు. బోర్డు పెడుతుంటే మేకు అందించావు!"

వదిన పుల్ల పొయ్యిలోకి తోసింది. తర్వాత అంది, "మా తమ్ముడి గురించి చెప్తున్నావనుకున్నా."

చేతిలో ఉన్న పుల్ల కింద పెట్టేశాను.

"పనుందని వెళ్ళాడు, తిరిగి రాలేదు, టిఫిను కట్టిచ్చావు. పేరు పెట్టి చెప్పుకోవడానికి నోరు రాక ముత్తయ్య అంటున్నావనుకున్నానే. నేను రొట్టె పెట్టింది వాడికే. ముత్తయ్య నాకెందుకు?"

ముత్తయ్యని నేను నిజంగానే ఊరికే కల్పించాను. అని రాశాను గానీ, ఈ పుస్తకంలో వెనక్కి తిరగేసి ఎనిమిదో తారీఖు శనివారం రాసింది చదువుకున్నాను. మా ఆయన వెళ్ళిన రోజు పొద్దున గుమ్మంలో నిలబడి అన్న మాట అక్షరం పొల్లుపోకుండా అదే. చూసుకుని వస్తాను.

"పోనీలే వదినా, వస్తాడుగా. వచ్చాక నవ్వుకుంటాం," అన్నాను.

వదిన చేతులు కడుక్కుంది. నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. అలా కూర్చున్నప్పుడే అర్థమైంది నాకు.

"డిసెంబర్‌లో ఫోన్ చేశాడు. కొత్త నంబరు. ఇక రానన్నాడు. అక్కడ ఇంకో మనిషితో ఉంటున్నాడు. నీకు నన్ను చెప్పమన్నాడు."

"డిసెంబరా?"

"ఊఁ."

"మూడు నెలలు! మూడు నెలలు నా పక్కన కూర్చుని, నా చేత్తో టీ తాగుతూ..."

"ఏ నోటితో చెప్పనే? వారానికి రెండుసార్లు అంతమంది ముందు నిలబడి, తప్పకుండా వస్తాడని అంత బాగా చెప్తున్నావు. నువ్వు చెప్తుంటే నాకూ వస్తాడేమో అనిపించేది."

చేతిలో ఉన్న గిన్నె నేలకేసి కొట్టాను. పిండి నీళ్ళు గోడంతా చిందాయి. ఏడ్చాను. ఆయన్ని తిట్టాను, వదినని తిట్టాను, ఆ చొక్కా ఉతికిన నన్ను నేను తిట్టుకున్నాను. వదిన లేచి గోడ తుడిచింది. తుడుస్తూ తనూ ఏడ్చింది. ఇవాళ రొట్టెలు కాల్చలేదు.

మార్చి 21, శుక్రవారం

పొద్దున్నే లేచి పాటలాయన దిగిన గదికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో వదినకి కూడా చెప్పలేదు. రేపు జనం ముందు నిలబడి ముత్తయ్య వస్తాడని నేను చెప్పలేను. అంతే. చెప్పకపోతే నివేదికలో ఒకటి, నా నోట్లో ఒకటి ఉంటుంది. షెడ్డు పోతే పోనీ అనుకోలేదు. పోతుందేమోనని దారి పొడవునా భయపడుతూనే ఉన్నాను.

"అది మూతండీ," అన్నాను గుమ్మంలోనే.

ఆయనకి అర్థం కాలేదు. టేపు పెట్టించి, ఆ చోట వినిపించి చెప్పాను. నాలుగుసార్లు విన్నాడు. అయిదోసారి కళ్ళజోడు తీసి మంచం మీద కూర్చున్నాడు. ముఖం చూస్తే జాలేసింది.

"రెండు పేజీలు రాశానమ్మా మూత మీద," అన్నాడు. ఆ పైన ఏదో గొణిగాడు. ఆ పైన, నేను ఊహించలేదు, పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. నిన్నంతా ఏడ్చిన కళ్ళతో నవ్వితే మంట పుట్టింది.

"షెడ్డు పోతుందా అండీ?" అని అడిగాను.

"ఎందుకు పోతుంది? ఏదో గదిలో కూర్చోబెట్టి పాడించుకున్న పాట అయితే అనుమానపడాలి. పిండి ఎండిపోతుందని పాట మధ్యలో కేకేసిందంటే ఆవిడ నిజంగా పని చేస్తోందన్నమాట. ఇప్పటికీ ఐదుగురు దాంతోనే పిండి పిసుకుతున్నారు, పిల్లలు నేర్చుకుంటున్నారు. అది నా కళ్ళతో చూశాను, అది రాస్తాను. ఆ బోర్డు మాత్రం పీకెయ్యండి. మీరు చెప్పకపోయుంటే నేను ఇంకో రెండు పేజీలు రాసేవాణ్ణి."

బోర్డు నేనే పీకాను. కుట్టుపని అక్క ముక్కున వేలేసుకుంది. "మరి నా కల్లోకొచ్చినవాడెవడే?" అంది.

మార్చి 22, శనివారం

ఇరవై మంది వచ్చారు. మూత సంగతే చెప్పాను. పళ్ళులేని నాయనమ్మ, విసుక్కునే మనవరాలు. ఆ మనవరాలు ఈవిడేనని వదినని చూపించాను. ఒకటే నవ్వులు. మూడో చరణం మళ్ళీ పాడించుకుని, ఆ కేక వచ్చినప్పుడు అందరూ కలిసి "వేశానే!" అని అరిచారు. వదిన సిగ్గుపడటం నేను ఇన్నేళ్ళలో మొదటిసారి చూశాను. మేడమ్ కంగారు పడుతుందనుకున్నాను, ఆవిడే అందరికంటే గట్టిగా అరిచింది.

అప్పుడు టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ కిటికీ వైపు చూపించింది. వదిన అలవాటు కొద్దీ మొదటి రొట్టె అక్కడే పెట్టేసింది.

"ముత్తయ్య లేడన్నారు కదా. మరి ఆ రొట్టె ఎవరికి?"

పిడికిళ్ళ చప్పుడు ఆగిపోయింది. వదిన నా వైపు చూసింది. ఏదో ఒకటి చెప్పి నవ్వించొచ్చు. నాకది చేతనవును.

"మా ఆయనకండీ," అన్నాను. "పోయిన మేలో వెళ్ళాడు. ఇక రాడు."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఫోన్లు ఎత్తినవాళ్ళు దించేశారు. పెద్దావిడ నా మోచేతి మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచి తీసేసింది. వదిన ఆగిన చోటు నుంచి పాట అందుకుంది, మిగతా నలుగురూ కలిశారు.

అందరూ వెళ్ళాక కిటికీలోంచి రొట్టె తీశాను. రోజూ సాయంత్రం అది కుట్టుపని అక్క కోళ్ళకి పోతుంది. ఇవాళ మాకిద్దరికీ పొద్దున్నుంచీ తిండి లేదు. రెండు ముక్కలు చేసి ఒకటి వదినకిచ్చాను. చల్లారి గట్టిపడింది, టీలో ముంచుకుని తిన్నాం.